ఈగ్రెస్ ఎక్కడి మాట? ఇంగ్లీషు మాట వేరు వెతికే పద్ధతి

కడపలో పోటీ పరీక్షల పిల్లలకు నేను ఇంగ్లీషు చెబుతాను. చేరిన మొదటి రోజే వాళ్లు అడిగేది వొకాబ్యులరీ లిస్టు. నేను ఇవ్వను. బట్టీ పట్టిన మాట పరీక్ష హాలు దాకా రాదు, దారిలోనే జారిపోతుంది. ఒక్క మాటను పట్టుకుని దాని వేరు దాకా పోతే మాత్రం, చెనిక్కాయ చెట్టు పీకినప్పుడు కాయలన్నీ ఒకేసారి బయటపడినట్టు, చుట్టాల మాటలన్నీ వెంట వస్తాయి. ఆ పని ఎలా చేయాలో 'ఈగ్రెస్' అనే మాట పెట్టుకుని చూపిస్తాను. బయటికి పోవడం, బయటికి పోయే దారి అని దీని అర్థం. ఎగ్జిట్, లీవ్, క్విట్, డిపార్ట్ లాంటివి ఎన్నో ఉండగా దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, చూడగానే ఏమీ అర్థం కాని మాట ఇది. విప్పడం మొదలుపెడితే మాత్రం ఇంత చక్కగా విడిపోయే మాట ఇంకొకటి దొరకడం కష్టం.

ముందు వాక్యం రాసుకోండి

మాట ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. అది కనిపించిన వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో ఎక్కించండి. పక్కన ఎక్కడ కనిపించిందో కూడా రాయండి. మా చిన్నాయన ఊరి చివర ప్లాటు కొంటూ ఇంగ్లీషులో ఉన్న సేల్ డీడ్ డ్రాఫ్టు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇదేందిమ్మా, ఇన్‌గ్రెస్ అంట, ఈగ్రెస్ అంట. ఏమన్నా కొర్రీ పెడతాండారా?" అన్నాడు. కొర్రీ ఏమీ లేదు. లోపలికి వచ్చే హక్కు, బయటికి పోయే హక్కు అని రాశారు, అంతే. మన దస్తావేజుల్లో 'రాకపోకలు జరుపుకొనుటకు' అని ఉంటుంది చూడండి, అదే ఇది. చిత్రమేమంటే వరుస కూడా అదే. ముందు రాక, తర్వాత పోక.

ఇదే మాట అపార్ట్‌మెంటు ఫైర్ సేఫ్టీ ప్లానులో కనిపిస్తే సంగతి వేరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మన పిల్లలు 'ఈగ్రెస్ చార్జీలు' అంటే అది క్లౌడ్ సర్వర్లలోంచి డేటా బయటికి పంపినందుకు పడే బిల్లు. ఖగోళం వాళ్ల దగ్గర ఇంకొకటి. శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచేటప్పుడు బింబం లోపలికి అడుగుపెట్టే ఘట్టం ఇన్‌గ్రెస్, బయటికి వెళ్లే ఘట్టం ఈగ్రెస్. 2012 జూన్ 6న శుక్ర సంచారం జరిగినప్పుడు మనకు తెల్లవారకముందే ఇన్‌గ్రెస్ అయిపోయింది. ఉదయం పది దాటాక ఈగ్రెస్ ఒక్కటే చూడగలిగాం. ఇన్ని చోట్ల ఇన్ని అవతారాలు ఎత్తే మాటకు ఫోన్‌లో చూపించే ఒక్క తెలుగు పదం ఏ మూలకు సరిపోతుంది?

నోట్లో పలికించుకోవడం కూడా ఇక్కడే కానివ్వండి. స్పెల్లింగు ఇ, జి, ఆర్, ఇ, చివర డబుల్ ఎస్. నామవాచకంగా వాడితే ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది, ఈగ్రెస్ అని. మా క్లాసులో ఆ 'ఈగ' దగ్గర నవ్వులు ఎప్పుడూ ఉండేవే. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి, నవ్విన మాట గుర్తుంటుంది.

డిక్షనరీలో బ్రాకెట్టు వదిలేయకండి

చాలామంది డిక్షనరీలో అర్థం చూసి మూసేస్తారు. కావలసిన సరుకు బ్రాకెట్టులోనో, ఎంట్రీ కింది చివరిలోనో ఉంటుంది. డబ్బు పెట్టనక్కర్లేదు. ఎటిమాన్‌లైన్ అనే నిఘంటువు పూర్తిగా మాటల పుట్టుక కోసమే ఉంది. మెరియం-వెబ్‌స్టర్ సైట్‌లో అర్థాల కింద వర్డ్ హిస్టరీ అని ఒక భాగం ఉంటుంది. అచ్చు పుస్తకాల్లో ఈ సమాచారం పొట్టి అక్షరాల్లో ఉంటుంది కాబట్టి వాటిని చదవడం నేర్చుకోవాలి. 'ఎల్' అంటే లాటిన్. 'ఓ ఇ' అంటే పాత ఇంగ్లీషు, 'ఓ ఎఫ్' అంటే పాత ఫ్రెంచి. 'సి' పక్కన సంవత్సరం ఉంటే ఇంచుమించు ఆ కాలమని. మాట ముందు నక్షత్రం గుర్తు, అంటే ఆస్టరిస్కు, ఉంటే అది ఎక్కడా రాతలో దొరకలేదని, భాషావేత్తలు పోల్చి చూసి ఊహించిన రూపమని అర్థం. ఈ గుర్తును పట్టించుకోకుండా 'ఆ కాలంలో జనం ఇలాగే అనేవాళ్లు' అని చెప్పేసే వీడియోలు చాలా ఉన్నాయి.

సంవత్సరం విషయంలోనూ ఒక మాట. ఈగ్రెస్ ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో వచ్చిందని ఉంటుంది. దొరికిన రాతల్లో అన్నిటికంటే పాతది అప్పటిదని దాని అర్థం. అంతకుముందు ఎవరి నోటా లేదని కాదు.

విడగొట్టడం

ఇప్పుడు మాటను విరవండి. 'ఇ' ఒక ముక్క, 'గ్రెస్' ఒక ముక్క. మొదటిది లాటిన్‌లో 'ఎక్స్', అంటే బయటికి. మరి 'ఎక్స్' ఏమైంది అంటారా? అచ్చు ముందు ఎక్స్ నిలబడుతుంది, ఎగ్జిట్‌లో ఉన్నట్టు. జి, ఎమ్, వి, ఆర్, ఎల్ లాంటి హల్లుల ముందు వట్టి 'ఇ' మిగులుతుంది. ఎమిట్, ఎవాక్యుయేట్, ఎరప్ట్, ఎమిగ్రేట్ అన్నీ ఇలా వచ్చినవే. 'ఎఫ్' ముందైతే అది కూడా 'ఎఫ్' అయిపోతుంది, ఎఫెక్ట్ అన్నప్పుడు డబుల్ ఎఫ్ అందుకే. మనకు ఇదేమీ కొత్త కాదు. 'నిస్' అనే ఉపసర్గ పక్కనున్న అక్షరాన్ని బట్టి నిష్క్రమణలో ఒక రకంగా, నిర్గమనంలో ఒక రకంగా, నిశ్శబ్దంలో ఇంకో రకంగా మారడం తెలుగు వ్యాకరణం క్లాసులో చదివిందే. సంధులంటే భయపడే పిల్లలు కూడా ఇక్కడ చటుక్కున అందుకుంటారు.

రెండో ముక్క లాటిన్ క్రియ 'గ్రది', అడుగు వేయడం. దాని భూతకాల రూపం 'గ్రెస్సుస్'. కాబట్టి ఈగ్రెస్ అంటే అక్షరాలా 'బయటికి అడుగు'. ఒకే వేరుకు గ్రద్, గ్రెస్ అని రెండు రూపాలు ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే చాలు, చుట్టాలను పట్టేయవచ్చు. గ్రెస్ వైపు: ప్రోగ్రెస్ ముందుకు అడుగు, రిగ్రెస్ వెనక్కి అడుగు, డైగ్రెస్ దారి తప్పి పక్కకు అడుగు, కాంగ్రెస్ అందరూ అడుగులు వేసుకుంటూ ఒకచోటికి చేరడం. గ్రద్ వైపు: గ్రేడ్, గ్రాడ్యువల్, గ్రాడ్యుయేట్, డిగ్రీ. మసాలా ప్యాకెట్టు వెనక రాసే ఇంగ్రీడియెంట్స్ కూడా ఇందులోదే, వంటకం లోపలికి పోయేవి అని. సెంటీగ్రేడ్ అంటే నూరు మెట్లు. మే నెలలో మన కడప ఆ మెట్లలో ఎన్ని ఎక్కుతుందో చెప్పక్కర్లేదు.

తెలుగు వాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది

ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ఇంగ్లీషు కోచింగ్ పుస్తకాలు చెప్పనిది ఇదే.

ఈగ్రెస్‌కు సరైన తెలుగు మాట నిష్క్రమణ. దాన్ని విరిచి చూడండి. 'నిస్' బయటికి, 'క్రమ్' అడుగు వేయడం. లాటిన్ వాళ్లు ఏ రెండు ముక్కలతో మాట కట్టారో, సంస్కృతంలో కూడా అవే అర్థాలున్న రెండు ముక్కలతో కట్టారు. ఇదొక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. అగ్రెషన్ చూడండి. 'అద్' అంటే వైపుకి, మీదికి. మీదికి అడుగు వేయడం. మన దగ్గర ఆక్రమణ. ట్రాన్స్‌గ్రెషన్, హద్దు దాటి అడుగు. మన దగ్గర అతిక్రమణ. సూర్యుడు మకర రాశిలోకి అడుగుపెట్టడం మకర సంక్రమణం, ఇంగ్లీషు జ్యోతిషులు దాన్ని అనే మాట ఇన్‌గ్రెస్. గ్రద్, గ్రెస్ అని రెండు రూపాలు ఉన్నట్టే ఇక్కడ క్రమ, క్రాంత అని రెండు రూపాలు. సంక్రమణం, సంక్రాంతి. ఈ నాలుగు జంటలు పక్కపక్కన రాసుకున్న పిల్లవాడికి అగ్రెషన్, ట్రాన్స్‌గ్రెషన్ మళ్లీ మర్చిపోయే మాటలు కావు.

అయితే జాగ్రత్త. క్రమ్, గ్రెస్ వినడానికి దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని రాసేయకండి. కాదు. కట్టుబడి ఒకటే, ధాతువులు వేరు. నిజంగా రక్తసంబంధం ఉన్నది ఇంకోచోట ఉంది, ఎగ్జిట్‌లో.

ఎగ్జిట్ మొదట్లో బోర్డు మీది మాట కాదు, నాటకం పుస్తకంలో మాట. లాటిన్‌లో అది ఒక పూర్తి వాక్యం: 'అతడు బయటికి పోతాడు'. 'ఎక్స్' బయటికి, 'ఇత్' పోతాడు. ఇంగ్లీషు నాటకాల్లో పాత్ర రంగం వదిలి పోవలసిన చోట ఇలా రాసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు పోతే బహువచనం, 'ఎక్సియంట్'. అందరూ పోతే 'ఎక్సియంట్ ఆమ్నీస్'. సంస్కృత నాటకాల్లో అంకం చివర 'నిష్క్రాంతాః సర్వే' అని ఉంటుంది, అందరూ వెళ్లిపోయారు అని. పాత తెలుగు నాటకం పుస్తకాల్లో 'నిష్క్రమించును' అని బ్రాకెట్లో ఉంటుంది. మన జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాల ఊసు వినని ఇల్లు ఇక్కడ ఉండదు కాబట్టి, ఎగ్జిట్ గురించి చెప్పేటప్పుడు నేను సినిమా హాలు బోర్డు దగ్గర మొదలుపెట్టను, నాటకం తెర దగ్గర మొదలుపెడతాను. బయటికి పోయే తలుపు అనే అర్థం 17వ శతాబ్దం చివరలో వచ్చి చేరింది. అంటే హాల్లో ఎర్రగా వెలిగే ఆ బోర్డు లాటిన్ లెక్కన 'అతడు పోతాడు' అని చెబుతోంది.

ఇక ఆ 'ఇత్'. సంస్కృతంలో 'ఏతి' అంటే పోతాడు. ఈ రెండూ నిజమైన అన్నదమ్ములు, ఒకే పాత మూలం నుంచి విడిపోయినవి. ఉత్తరాయణంలోని అయనం కూడా ఈ పోవడమే. ఇంగ్లీషులో ఈ కుటుంబం పెద్దది: ట్రాన్సిట్, ఇనిషియల్, సర్క్యూట్, పెరిష్. ఆంబిషన్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. రోములో పదవి కోరేవాడు ఓట్ల కోసం చుట్టూ తిరగడమే మొదట దాని అర్థం. ఎన్నికల కాలంలో మన వీధుల్లో జరిగేది అచ్చంగా అదే. ఇష్యూ కూడా ఈ ఇంటి మాటే. లాటిన్ 'ఎగ్జైర్' పాత ఫ్రెంచి మీదుగా నలిగి వచ్చిన రూపం. పత్రిక ఇష్యూ అంటే బయటికి వచ్చిన సంచిక.

ఎగ్జోడస్ మాత్రం గ్రీకు. 'ఎక్స్' బయటికి, 'హొదోస్' దారి. తెలుగు బైబిల్లో దీనికి నిర్గమకాండము అని పేరు. సైన్సు పిల్లలైతే ఇంకో అడుగు వేయండి. ఆనోడ్, కాథోడ్‌లో ఉన్న ఓడ్ కూడా ఆ దారే, పైకి దారి, కిందికి దారి. ఫారడే 1834లో తన విద్యుత్ ప్రయోగాల కోసం విలియం వ్యూవెల్ అనే పండితుడి సాయంతో కట్టించుకున్న మాటలు ఇవి.

పోలికలకు మోసపోకుండా

వేరు వెతకడంలో సరదా ఎక్కువ కాబట్టి పప్పులో కాలు వేయడం కూడా తేలిక. ఈగ్రెట్ అంటే తెల్ల కొంగ. స్పెల్లింగులో ఈగ్రెస్‌కు చివరి అక్షరాలే తేడా. కానీ ఈగ్రెట్ ఫ్రెంచి మీదుగా జర్మన్ జాతి భాషల నుంచి వచ్చింది, దీనికీ దానికీ ఏ చుట్టరికం లేదు. ఎగ్జిట్, ఎగ్జైట్ కూడా అంతే. ఎక్స్ వరకే ఉమ్మడి, రెండోదాని వెనక ఉన్నది కదిలించడం, రేపడం. ఎగ్జిస్ట్‌లో ఉన్నది నిలబడడం. ఒక ముక్క కలిసిందని కుటుంబం కలిపేయకూడదు. రెండో ముక్క ఏమిటో, ఏ భాష మీదుగా వచ్చిందో డిక్షనరీలో తేలాకే నోట్‌బుక్‌లో గీత గీయండి. వాట్సాప్‌లో తిరిగే 'ఫలానా ఇంగ్లీషు మాట మన సంస్కృతం నుంచే పుట్టింది' అనే పోస్టులకు ఈ ఒక్క పరీక్ష పెడితే చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఈగ్రెస్ తెలియక జనం మోసపోయిన కథ ఒకటి ఉంది. న్యూయార్క్‌లో పి.టి. బార్నం అనే ప్రదర్శనల వ్యాపారి 1841 నుంచి జంతువులనూ వింతలనూ చూపించే అమెరికన్ మ్యూజియం నడిపాడు, టికెట్టు పాతిక సెంట్లు. పండగ రోజు వచ్చిన జనం ఎంతకీ కదలడం లేదు, బయట మళ్లీ అంత జనం నిలబడి ఉన్నారు. అప్పుడు వెనక తలుపు దగ్గర 'ఈగ్రెస్ వైపు' అని బోర్డు రాయించి పెట్టించాడు. అదేదో ఇంకా చూడని జంతువు కాబోలు అని జనం అటు నడిచి వీధిలో తేలారు. ఈ సంగతి బార్నమే తన ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. తమాషా కథే కానీ, తెలియని మాట బోర్డు మీద పెట్టడం తెలివి అని నేను ఒప్పుకోను.

తిరిగి వాక్యంలో పెట్టండి

ఇంతా చేసి చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పుట్టుక తెలిసినంత మాత్రాన ఇవాళ్టి అర్థం తెలిసినట్టు కాదు. మొదట్లో రాసుకున్న వాక్యాల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కదాన్ని మళ్లీ చదవండి.

ఫైర్ సేఫ్టీ ప్లాను తీసుకుందాం. మామూలు డిక్షనరీలో ఈగ్రెస్, ఎగ్జిట్ ఒకటే. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఒకటి కాదు. అక్కడ 'మీన్స్ ఆఫ్ ఈగ్రెస్' అంటే మీరు కూర్చున్న గదిలోంచి బయట వీధి దాకా ఆటంకం లేకుండా సాగే దారి మొత్తం. అందులో మూడు భాగాలు. ఎగ్జిట్ దాకా చేర్చే నడవ మొదటిది. మంటల నుంచి కాపుదల ఉన్న మెట్లు, తలుపులు ఎగ్జిట్. అక్కడి నుంచి వీధికి చేర్చేది మూడోది. తలుపు మీద బోర్డు వెలుగుతుండగా దాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉంటే, ఎగ్జిట్ ఉన్నట్టే గానీ ఈగ్రెస్ లేనట్టు. కడపలో షాపింగ్ కాంప్లెక్సుల పై అంతస్తుల్లో కోచింగ్ క్లాసులు నడిచే కాలంలో ఈ తేడా పిల్లలకు పరీక్ష కోసమే కాదు, ప్రాణం కోసం కూడా తెలియాలి.

సేల్ డీడ్‌లో అయితే ఈగ్రెస్ అనేది హక్కు మాట. ఇంటి స్థలానికి దారి ఇంకొకరి భూమి మీదుగా ఉంటే, ఆ దారిన వచ్చిపోయే హక్కును మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చూస్తుంది. మాటకు అర్థం తెలిసిందని సంతకం పెట్టేయకండి. దారి ఎన్ని అడుగుల వెడల్పో, ఏ దిక్కునో డీడ్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి. ఆ పని లాయరుతో చేయించమనే చిన్నాయనకు చెప్పాను.

తెలుగు మాట ఖాయం చేసుకోవడానికి నేను బ్రౌన్ నిఘంటువు తిరగేయమంటాను. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడ ఆయన ఉన్న బంగళా స్థలంలోనే, యర్రముక్కపల్లిలో, ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ అది. వెళ్లలేకపోతే ఆంధ్రభారతి సైట్‌లో బ్రౌన్‌తో పాటు మిగతా నిఘంటువులూ ఒకేచోట వెతకవచ్చు. నిష్క్రమణ, నిర్గమనం, రాకపోకలు, రస్తా అని నాలుగూ కొట్టి చూడండి. ఏ మాట ఏ వాక్యంలో ఇముడుతుందో మీకే తెలిసిపోతుంది. దస్తావేజులో నిష్క్రమణ అని రాస్తే చదివేవాడు నాటకం అనుకుంటాడు. అక్కడ రాకపోకలే సరి.

సొంతంగా చేయడానికి మూడు మాటలు ఇస్తున్నాను, ముగ్గురూ బయటికి పోయేవాళ్లే. ఎస్కేప్: ఎక్స్ పక్కన 'కప్పా', అంటే పైన వేసుకునే అంగీ. పట్టుకున్నవాడి చేతిలో అంగీ వదిలేసి పారిపోవడం. క్విట్: దీన్ని క్వైట్‌తో కలిపి వెతకండి. ఒకే వేరు రుణం తీరి విడుదలైనవాడి దగ్గరికి ఎలా తీసుకుపోతుందో, అక్కడి నుంచి 1942 ఆగస్టు నాటి క్విట్ ఇండియా దాకా ఎలా వస్తుందో రాసుకోండి. లీవ్ కొంచెం కష్టం, అందుకే చివర పెట్టాను. లీవ్ లెటర్‌లోని లీవ్ అంటే అనుమతి. ఊరు వదిలి పోవడం అనే లీవ్ వేరే మాట. స్పెల్లింగు ఒకటే, పుట్టిన ఇళ్లు రెండు. డిక్షనరీలో వాటికి రెండు వేర్వేరు ఎంట్రీలు ఉంటాయి. మొదటిది చూసి మూసేయకుండా కిందికి జరపండి.